సంపాదించని సంపాదకుడు: గాడిచర్ల హరిసర్వోత్తమరావు

ఎడిటరును తెలుగులో ‘సంపాదకుడు’ అనడం గాడిచర్ల వారితోనే మొదలైందని పాతతరం పత్రికల వాళ్ళు చెప్పుకునేవారు. బెంగాలీలో, హిందీలో ఆ మాట ముందునుంచీ ఉంది. అక్కడ దానికి పని నెరవేర్చేవాడు అనే అర్థం. తెలుగు చెవికి మాత్రం సంపాదించడమంటే నాలుగు డబ్బులు వెనకేసుకోవడమే. ఈ మాటను మనకు అలవాటు చేసిన మనిషి పత్రికల వల్ల సంపాదించింది మూడేళ్ళ కఠినశిక్ష. అది తలుచుకుని ప్రెస్సుల్లో నవ్వుకునేవారు కూడా.

ఇప్పుడు గాడిచర్ల అంటే గ్రంథాలయ వారోత్సవాల్లో దండ పడే ఫొటో. గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వారు, పాతూరి వారు, పక్కన ఈయన. ఆ ఫొటోలోని పెద్దాయన ఇరవయ్యయిదేళ్ళు నిండకుండానే రాజద్రోహం కేసులో ముద్దాయి అయ్యాడని దండ వేసేవాళ్ళలో ఎంతమందికి గుర్తుందో. ఒకప్పుడు ఊళ్ళలో ఆయన్ని ‘ఆంధ్ర తిలక్’ అనేవారు. అది ఊరికే తగిలించిన బిరుదు కాదు. 1908 జులైలో తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసి బర్మాలోని మాండలే పంపించారు. అదే ఏడు, రాజద్రోహానికి శిక్ష చెప్పే అదే 124-ఎ సెక్షన్ కింద, పత్రికలో రాసిన రాతకే గాడిచర్ల వెల్లూరు జైలుకు వెళ్ళారు.

ఆయన 1883 సెప్టెంబర్ 14న కర్నూలులో పుట్టారు. పేద ఇల్లు, చదువు స్కాలర్‌షిప్పుల మీద సాగింది. మద్రాసులో ఎం.ఏ. చేశారు. ఆ రోజుల్లో తెలుగువాళ్ళలో ఎం.ఏ. అంటే ప్రభుత్వోద్యోగం గుమ్మంలో నిలబడి పిలిచినట్టే. ఉపాధ్యాయ శిక్షణకని రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో చేరారు. కథ అక్కడే మలుపు తిరిగింది. 1907 ఏప్రిల్లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చాడు. చిలకమర్తి వారు వాటిని తెలుగులో చెప్పారు. కుర్రాళ్ళు ‘వందేమాతరం’ బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వాటిని తీసేయమన్నాడు, వీళ్ళు తీయలేదు. ట్రెయినింగ్ కాలేజీ వైపునుంచి ముందు నిలబడింది గాడిచర్ల. ఆయన్ని కాలేజీనుంచి వెళ్ళగొట్టడంతో ఊరుకోలేదు, సర్కారు కొలువుకు పనికిరాడని కూడా తేల్చారు. ఎం.ఏ. పట్టా చేతిలో ఉంది, దాన్ని పెట్టుకుని చేయగల ఉద్యోగం ఒక్కటీ లేదు. అలాంటివాడికి మిగిలిన దారి పత్రిక.

బెజవాడలో ‘స్వరాజ్య’ వారపత్రిక అలా మొదలైంది. బోడి నారాయణరావు ప్రకాశకుడు, గాడిచర్ల సంపాదకుడు. పత్రిక పెట్టడానికి అప్పట్లో ఏం కావాలో చెబితే ఈ తరానికి ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే చట్టం అడిగేది చాలా తక్కువ. 1867 నాటి చట్టం ప్రకారం ప్రెస్సు పెట్టినవాడు మేజిస్ట్రేటు ముందు ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. పత్రికను అచ్చువేసేవాడు, ప్రకటించేవాడు ఇంకొకటి ఇవ్వాలి. ప్రతి సంచిక మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు, ప్రకాశకుడి పేరు, ప్రకటించిన చోటు ఉండాలి. సంపాదకుడి పేరు వేయాలన్న నిబంధన అప్పటికి లేదు, అది 1922లో వచ్చింది. కాబట్టి ఏ రాతకైనా చట్టానికి మొదట దొరికేది పేరు అచ్చయిన ప్రకాశకుడు. సంపాదకుడిని పట్టుకోవాలంటే ఆ రాత ఆయనదేనని నిరూపించాలి. అందుకే సోదాకు వచ్చిన పోలీసులు అచ్చయిన కాగితాలకన్నా చేతిరాత కాపీ కోసం ఎక్కువ వెతికేవారు. అక్షరాలు పేర్చే కంపోజిటరు దగ్గర వేలాడే మేకుకు గుచ్చిన కాపీ దొరికిందంటే రాసినవాడు దొరికినట్టే.

ఇక అచ్చుపని. సీసం అక్షరాల కాలం పోయింది కనక కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంగ్లీషు కంపోజిటరుకు ఉన్న అక్షరాలు రెండు కేసుల్లో, అంటే రెండు గళ్ళ పెట్టెల్లో ఇమిడిపోతాయి. తెలుగుకు గుణింతాలూ, ఒత్తులూ, పొల్లులూ కలిపి వందల గళ్ళు కావాలి. కంపోజిటరు స్టూలు మీద కూర్చుంటే కుదరదు. నిలబడి, అటూ ఇటూ జరుగుతూ, ఎడమచేతిలో స్టిక్ (వరస పేర్చే చిన్న పళ్ళెం) పట్టుకుని కుడిచేత్తో ఏరుకోవాలి. స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా, ఎడమనుంచి కుడికే పేరుకుంటాయి. చదవడం కూడా అలాగే చదవాలి. వరస నిండితే స్పేసులు సర్ది బిగువు చూసుకోవాలి. నాలుగైదు వరసలయ్యాక గాలీలోకి, అంటే పొడుగాటి పళ్ళెంలోకి దించాలి, గాలీనిండా అయ్యాక ప్రూఫు లాగాలి. తెలుగు కంపోజింగులో ఎక్కువ చేటు చేసేవి ఒత్తులు. అచ్చు ఒంటిని దాటి బయటికి పొడుచుకొచ్చే భాగం ఉన్న అక్షరాలు పక్క అక్షరం ఒరుసుకున్నా, బిగింపు కాస్త ఎక్కువైనా పుటుక్కున విరుగుతాయి. విరిగింది ప్రూఫులో కనబడదు, మిషనెక్కాక కనబడుతుంది. ‘రాష్ట్రం’ కాస్తా ‘రాష్టం’ అయి కూర్చుంటుంది. ఇంకొకటి అక్షరాల కరువు. ఒకే పదం పదేపదే వచ్చే వ్యాసమైతే ఆ గడి ఖాళీ అయిపోతుంది. అప్పుడు అచ్చయిపోయిన పేజీ విప్పి, అక్షరాలు కడిగి, మళ్ళీ గళ్ళలో వేసుకునేదాకా పని ఆగుతుంది. ‘స్వరాజ్య’ లాంటి పత్రికలో ‘స్వ’కీ ‘జ్య’కీ ఎంత గిరాకీ ఉండేదో ఊహించుకోవచ్చు.

ఎనిమిది పేజీల పత్రికయితే ఒక కాగితానికి ఒకవైపు 1, 4, 5, 8 పేజీలు, రెండోవైపు 2, 3, 6, 7 పడతాయి. పేజీలను చేజు అనే ఇనుప చట్రంలో అమర్చి, చుట్టూ కర్రముక్కలు పెట్టి, కోయిన్లనే చీలలతో బిగిస్తారు. సరిగ్గా బిగిసిందా లేదా అని ఫారాన్ని, అంటే అలా బిగించిన పేజీలను, ఒక పక్క కొద్దిగా ఎత్తి, వేళ్ళతో నొక్కి చూస్తారు. ఒక్క అక్షరం కదిలినా మిషను మీద జారిపడుతుంది. ఫారం మొత్తం చెదిరిపోతే దాన్ని ‘పై’ అయిందనేవారు. ఆ మాట వింటే ప్రెస్సులో ఎవరికీ ఆ పూట అన్నం సహించేది కాదు. చేతి ప్రెస్సు మీద ఇద్దరు మనుషులు, ఒకరు సిరా పూసేవాడు, ఒకరు లాగేవాడు, ఆగకుండా చేస్తే గంటకు రెండు వందల పైచిలుకు ముద్రలు, అదీ ఒకవైపు. వెయ్యి కాపీలంటే రెండువైపులా కలిపి ఎనిమిది గంటలకు పైమాటే. ఆఖరి వార్త ఏ పేజీలో చేరాలంటే, రెండోసారి మిషనెక్కే ఫారంలోనే చేరాలి. మొదటిది అయిపోయాక ఎంత పెద్ద వార్త వచ్చినా దానికి అక్కడ చోటు లేదు. తెల్లారేలోగా మడతలు పెట్టి, చిరునామా చీటీలు అతికించి, రైలు టపాకు అందించాలి. రిజిస్టరైన పత్రికకు టపా ఖర్చు పావు అణా, అంటే ఒక కానీ. బెజవాడ రైళ్ళ కూడలి కావడం పత్రిక పెట్టేవాళ్ళకు పెద్ద సదుపాయం.

1908 మార్చి 12న తిరునల్వేలిలో స్వదేశీ ఉద్యమ నాయకులు వి.ఓ. చిదంబరం పిళ్ళైని, సుబ్రహ్మణ్య శివను అరెస్టు చేశారు. మర్నాడు జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వార్త మీద గాడిచర్ల ‘విపరీత బుద్ధి’ అనే శీర్షికతో రాశారు. అందులో ఫిరంగీని క్రూరవ్యాఘ్రమా అని సంబోధించారు. మిగతా పత్రికలు చాలావరకు ‘విచారకరం’, ‘ప్రభుత్వంవారు ఆలోచించవలెను’ అని రాసుకునే రోజులవి. ఈయన విన్నపాలు మానేసి, ఎదురుగా నిలబెట్టి తిట్టినట్టు రాశారు. తెలుగులో ఆ సంబోధనకున్న ఊపు వేరు. పద్యనాటకంలో రౌద్రపాత్ర ప్రవేశం లాంటిది.

తెలుగు రాత ఇంగ్లీషు దొరకు ఎలా చేరేదో కూడా తెలియాలి. మద్రాసు ప్రభుత్వంలో దేశభాషల పత్రికలు చదవడానికే అనువాదకులు ఉండేవారు. వారం వారం ప్రతి పత్రికలోంచీ కావలసిన ముక్కలు ఇంగ్లీషులోకి తిప్పి రహస్య నివేదికగా పైకి పంపేవారు. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారి చదివేది తెలుగు కాదు, ఆ అనువాదం. ‘ఫిరంగి’ అంటే తెల్లవాడూ అవుతుంది, తోపూ అవుతుంది. మనవాళ్ళకు ఆ రెండర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి. ఇంగ్లీషులో ఏదో ఒకటే మిగులుతుంది. తెలుగులో తిట్టుకీ, దెప్పిపొడుపుకీ, ఆక్రోశానికీ తేడా స్వరంలో ఉంటుంది. అనువాదంలో అన్నీ రాజద్రోహంగానే తేలతాయి.

124-ఎ సెక్షన్‌లోని మెలిక కూడా అదే. ప్రభుత్వ చర్యలు నచ్చలేదని చెప్పడం నేరం కాదని సెక్షన్ కింద వివరణల్లోనే ఉండేది. ప్రభుత్వం మీద ద్వేషమో, తిరస్కారమో, అప్రీతో పుట్టించకూడదు, అంతే. కాల్పులు తప్పన్నవాడు బతికిపోతాడు. కాల్చినవాడు పులి అన్నవాడు దొరికిపోతాడు. శిక్షలో కూడా మధ్యమెట్టు లేదు. ప్రవాసం, లేదంటే మూడేళ్ళకు మించని జైలు, లేదంటే జరిమానా. గాడిచర్లకు పడింది ఆ మూడేళ్ళ గరిష్ఠమే, అదీ కఠిన కారాగారం.

రాజకీయ ఖైదీలకు ఎ, బి, సి తరగతులు 1930లో వచ్చాయి. 1908లో పత్రికా సంపాదకుడికీ బందిపోటు దొంగకూ ఒకటే లెక్క. వెల్లూరు జైల్లో మెడకూ కాళ్ళకూ కడియాలు, మోకాళ్ళు దాటని లాగు, పొట్టిచేతుల చొక్కా, నెత్తిన టోపీ. మట్టిచిప్పలో తిండి. ఒక మట్టిముంత ఇచ్చేవారు, తాగడానికీ అదే, కాలకృత్యాలకూ అదే. ఎం.ఏ. చదివిన మనిషిని అలా నిలబెట్టడంలో ఉద్దేశం ఆయన్ని బాధపెట్టడం ఒక్కటే కాదు, బయట కలం పట్టుకున్న మిగతావాళ్ళకు చూపించడం. అది కొంత పనిచేసింది కూడా. విడుదలై వచ్చాక పలకరించడానికే జనం జంకారు. ఇంట్లో దిగనిస్తే రేపు మన గుమ్మంలో పోలీసు నిలబడతాడేమోనన్న భయం.

ఆయన లోపల ఉండగానే బయట చట్టం బిగిసింది. 1908 జూన్‌లో హింసకు ప్రేరేపించే పత్రికల ప్రెస్సును జప్తు చేసే చట్టం వచ్చింది. 1910 ప్రెస్ చట్టం ఇంకా తెలివైనది, కోర్టుతో పని లేకుండా డబ్బుతో గొంతు నొక్కుతుంది. కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500నుంచి 2,000 రూపాయలదాకా ధరావతు కట్టాలి. నచ్చని రాత కనబడితే ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంటుంది. మళ్ళీ నడపాలంటే ఈసారి 1,000నుంచి 10,000. అదీ పోతే తర్వాత పోయేది ప్రెస్సే. కాగితం మీది లెక్కలా కనబడుతుంది గానీ, అనీబిసెంట్ ‘న్యూ ఇండియా’ను 1916లో సరిగ్గా ఈ మెట్లమీదే నడిపించారు: ముందు 2,000, అది పోయాక 10,000. బిసెంటమ్మ కట్టగలిగింది. చందాలు వసూలు కాక కాగితం అప్పుకు తెచ్చుకునే జిల్లా పత్రికలవాడు మొదటి 500 దగ్గరే తాళం వేసేవాడు.

జైలు తర్వాత గాడిచర్లను చేరదీసినవారిలో కొమర్రాజు లక్ష్మణరావు గారు ముఖ్యులు. అబ్రహాం లింకన్ జీవితాన్ని అంతకుముందే గాడిచర్ల తెలుగులో రాసి ఉన్నారు, కొమర్రాజు వారి ప్రచురణ సంస్థ విజ్ఞాన చంద్రికా మండలి వేసింది. బానిసత్వం పోగొట్టినవాడి కథ తెలుగు కుర్రాళ్ళ చేతిలో పెట్టడమంటే అది ఏ ఉద్దేశంతో చేసిన పనో వేరే చెప్పాలా? తర్వాత ఆంధ్రపత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908 సెప్టెంబరులో బొంబాయిలో వారపత్రికగా పెట్టి, 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక చేశారు. గాడిచర్ల దానికి సంపాదకత్వం వహించిన కాలం హోంరూలు (స్వపరిపాలన) ఉద్యమ కాలం. బిసెంట్ లీగుకు ఆంధ్రలో కార్యదర్శిగా తిరుగుతూ, ఇటు రోజూ పత్రిక నింపేవారు. మాంటేగు–ఛెమ్స్‌ఫర్డ్ రాజ్యాంగ సంస్కరణల మీద ఆయన వరసగా వ్యాఖ్యలు రాశారు. ఆ పని ఎంత కష్టమో పత్రికల్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. రాజ్యాంగపు మాటలు తెలుగులో అప్పటికి లేవు. ఒకరోజు ఒక మాట, మర్నాడు మరో మాట వాడితే పాఠకుడు రెండూ వేర్వేరు సంగతులనుకుంటాడు. మాట పుట్టించడం ఒక ఎత్తు, దాన్నే పట్టుకుని నెలల తరబడి వాడటం ఒక ఎత్తు. ఈ ఓపిక ఆవేశంగా రాసేవాళ్ళలో అరుదు. ‘క్రూరవ్యాఘ్రమా’ అన్న కలమే దీన్నీ చేసింది.

తర్వాత ఆయన నడిపిన పత్రికలు చాలా ఉన్నాయి. ‘మాతృసేవ’, ఇంగ్లీషులో ‘నేషనలిస్ట్’, ఆడవాళ్ళకోసం సొంతంగా ‘సౌందర్యవల్లి’. ఏదీ ఆయన్ని ధనవంతుణ్ణి చేయలేదు. మద్రాసు శాసనమండలిలోనూ కూర్చున్నారు. 1928 నవంబరులో నంద్యాల ఆంధ్ర మహాసభల్లో దత్తమండలాలకు, అంటే ఇంగ్లీషువాళ్ళు సీడెడ్ జిల్లాలన్న ప్రాంతానికి, ‘రాయలసీమ’ పేరు ఖాయమైంది. ఆ పేరు పెట్టింది గాడిచర్లేనని కొందరు రాస్తుంటారు, సూచించింది చిలుకూరి నారాయణరావు గారు. సీడెడ్ అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం. ఆ పేరు కింద బతకడం ఇష్టంలేని కర్నూలు, అనంతపురం వాళ్ళందరి పేరు ‘రాయలసీమ’.

ఆయన జీవితంలో గ్రంథాలయాల భాగాన్ని చాలామంది రాజకీయాలనుంచి విరమించాక చేసిన సేవలా చూస్తారు. అది సరికాదు. పత్రిక పెట్టినవాడికి ముందు ఎదురయ్యే గోడ సర్కారు కాదు, చదువురాని ఊరు. నూటికి పదిమందికి కూడా అక్షరం రాని దేశంలో ‘విపరీత బుద్ధి’ని ఎంతమంది చదివి ఉంటారు? చదివినవాడు రావిచెట్టు కింద పదిమందికి వినిపిస్తేనే ఆ రాత ఊరికి చేరేది. ఊళ్ళో పఠన మందిరమంటే అసలు పని అదే: ఒక చందా, ఒక కాపీ, ఒక గొంతు, ముప్పయి చెవులు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణం. గాడిచర్ల దానికి దీర్ఘకాలం అధ్యక్షులు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పుస్తకం పడవెక్కి రేవుకు వచ్చిందంటే, రేవులో బట్టలుతుకుతున్న మనిషికి కూడా చదువు రావాలి కదా. గాడిచర్ల వయోజన విద్యకు కమిటీ పెట్టి తిరిగింది అందుకే.

పెద్దవాళ్ళకు చదువు చెప్పడంలో తప్పు ఎక్కడ జరుగుతుందో ఆ పని చేసినవాళ్ళు ముందే కనిపెట్టారు. అ, ఆ, ఇ, ఈ అని వరసగా మొదలుపెడితే ‘ఌ’ దగ్గరికి వచ్చేసరికి బడి ఖాళీ. పగలంతా నాగలి పట్టిన చెయ్యి బలపం పట్టుకోవడానికే వారం పడుతుంది. రోజూ వాడే మాటలు తీసుకుని, వ, ప, మ లాగా ఒకే పోలికలో రాసే అక్షరాలు కలిపి నేర్పితే నిలుస్తారు. కోతల కాలంలో బడి మూయాలి, మూయకపోతే వాళ్ళే మూస్తారు. అన్నిటికన్నా పెద్ద నష్టం చివర్లో వస్తుంది. వాచకం అయిపోయాక చదవడానికి ఏమీ దొరక్కపోతే ఏడాదిలో నేర్చిందంతా పోతుంది, మళ్ళీ వేలిముద్రే. రాత్రిబడి పక్కనే గ్రంథాలయం లేకపోతే చమురు దండగ. ఈ రెంటినీ విడదీయకూడదని ఆయన పట్టుబట్టడం చూస్తే చందాదారు జారిపోకుండా చూసుకునే పాత పత్రికాసంపాదకుడే కనిపిస్తాడు.

1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు రూపం ఇచ్చారు. ఇంటిపన్నులో రూపాయికి 6 పైలు, అంటే రూపాయికి 192 పైలున్న కాలపు 6 పైలు, గ్రంథాలయ సెస్సు. వినడానికి చిన్నదే. ఆ చిల్లర వల్లే జిల్లా గ్రంథాలయాలకు సొంత ఆదాయం పుట్టింది, ఎవరి దయా లేకుండా. చిక్కల్లా వసూలు చేసే చెయ్యి ఒకటి, ఖర్చు పెట్టాల్సిన చెయ్యి ఇంకొకటి కావడంలో ఉంది. జనం కట్టిన సెస్సు స్థానిక సంస్థల ఖాతాల్లోనే ఉండిపోయి, గ్రంథాలయంలో పేపరు బిల్లు కట్టలేక చందా ఆగిపోవడం నేటికీ చూస్తున్నదే.

విజయవాడ పటమటలోని గ్రంథాలయ సంఘం ఇంటికి ‘సర్వోత్తమ భవనం’ అని పేరు పెట్టారు. ఆనాటి వారపత్రికల కాగితం మాత్రం కాలానికి నిలిచేది కాదు. కర్రగుజ్జు కాగితం తనలోని ఆమ్లంతోనే పచ్చబడి, మడత దగ్గర పొడై రాలుతుంది. ఇనుప పిన్ను పెట్టినచోట తుప్పు తినేస్తుంది, జిగురు పూసినచోట పురుగు తినేస్తుంది. ఆనాటి తెలుగు పత్రికల రాతలను వెతుక్కుంటూ వెళ్ళేవాడు చివరికి చెన్నై ప్రభుత్వ అభిలేఖాగారంలో తేలతాడు. అక్కడ అనువాదకుల రహస్య నివేదికలు వారం వారీగా, గట్టి అట్టల మధ్య, భద్రంగా ఉన్నాయి. అందులో ఉన్నది ఇంగ్లీషు.

గాడిచర్ల 1960 ఫిబ్రవరి 29న పోయారు. వర్ధంతి నాలుగేళ్ళకోసారి గానీ రాదు.